టెక్నో అసలు ఎక్కడ పుట్టింది? డెట్రాయిటా, బెర్లినా?

వంశీ_నల్లగండ్ల:
నిన్న రాత్రి రూమ్‌లో పెద్ద వాదన అయింది. మాతో ఉండే ఒకతను జర్మనీలో ఎంఎస్ చేసి వచ్చాడు. టెక్నో అంటే జర్మన్లదే, క్రాఫ్ట్‌వెర్క్ అనే జర్మన్ బ్యాండ్ వాళ్ళు మొదలుపెట్టారు, బెర్లిన్ వాళ్ళు పెంచారు, 2024లో యునెస్కో కూడా ఒప్పేసుకుంది ఇంకేం కావాలి అంటాడు. నేనేమో అమెరికాలో డెట్రాయిట్ అని, అక్కడి నల్లజాతి కుర్రాళ్ళు తయారు చేశారని ఎప్పుడో చదివాను, కానీ పూర్తి వివరం తెలీదు. నాకు ఇంకోటి కూడా అర్థం కావట్లేదు, మోటౌన్ అనే రికార్డు కంపెనీ వేసిన సోల్ పాటలు (నల్లజాతి వాళ్ళ మనసుపెట్టి పాడే పాటలు) పుట్టిన ఊర్లో మాటల్లేకుండా మెషిన్లతో కొట్టే సంగీతం ఎలా పుట్టింది అని. కార్ల ఫ్యాక్టరీల చప్పుడు విని విని అలా చేశారు అంటారు, అది నిజమేనా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్, గూగుల్ చేసుకో అని మాత్రం అనొద్దు.

సురేష్_సింథ్:
వంశీ గారూ మీరు చదివిందే కరెక్ట్, డెట్రాయిటే. ఎందుకో చెప్తా, కొంచెం పెద్దదవుతుంది ఓపిగ్గా చదవండి.

డెట్రాయిట్‌కి ఓ నలభై యాభై కిలోమీటర్ల దూరంలో బెల్‌విల్ అని చిన్న ఊరుంది. 1970ల చివర్లో అక్కడి హైస్కూల్లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అని ముగ్గురు కుర్రాళ్ళు కలిశారు. ఊర్లో ఎక్కువ మంది తెల్లవాళ్ళే, వీళ్ళు నల్లవాళ్ళు, దాంతో ముగ్గురూ జట్టు కట్టారు. సాయంత్రమైతే చేయడానికి పెద్దగా ఏమీ లేని ఊరు అది, అందుకని రాత్రిళ్ళు రేడియో వినేవాళ్ళు, ఆ రేడియో సంగతి చెప్పకపోతే అసలు ఈ కథే లేదు.

ఎలక్ట్రిఫైయింగ్ మోజో అని ఒక డీజే ఉండేవాడు, డబ్ల్యూజీపీఆర్ అనే స్టేషన్‌లో. అది నల్లవాళ్ళే నడుపుకున్న స్టేషన్. అప్పట్లో అమెరికా రేడియోలో నల్లవాళ్ళ పాటలకి ఒక స్టేషన్, తెల్లవాళ్ళ రాక్‌కి ఇంకో స్టేషన్ అన్నట్టు ఉండేది, మోజో ఆ గీత అస్సలు పట్టించుకోలేదు. పార్లమెంట్ ఫంకడెలిక్ అనే నల్లవాళ్ళ ఫంక్ బ్యాండ్ పాట వేసి వెంటనే క్రాఫ్ట్‌వెర్క్ వేసేవాడు, ప్రిన్స్ తర్వాత బి-52స్ అనే తెల్లవాళ్ళ బ్యాండ్ పాట వేసేవాడు. తన మొహం బయట ఎవరికీ చూపించేవాడు కాదు. షో మొదలవుతుంటే స్పేస్‌షిప్ దిగుతున్నట్టు సౌండు. అర్ధరాత్రి అయ్యేసరికి మిడ్‌నైట్ ఫంక్ అసోసియేషన్ మీటింగ్ మొదలైంది, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు వరండా లైటు ఆర్పి వెలిగించండి, కార్లలో ఉన్నవాళ్ళు హెడ్‌లైట్లు కొట్టి హారన్ వేయండి అని పిలుపు. జనం నిజంగానే చేసేవాళ్ళు, చీకట్లో వీధి వీధంతా లైట్లు ఆరి వెలుగుతుంటే మనలాగే ఇంకా ఇంతమంది వింటున్నారన్నమాట అని ఒక్కో పిల్లాడికి తెలిసేది. ఈ ముగ్గురూ ఆ పిల్లల్లోవాళ్ళే.

అట్కిన్స్‌కి వాళ్ళ గ్రాండ్‌మదర్ కోర్గ్ ఎంఎస్-10 అనే చిన్న సింథసైజర్ (కరెంటుతో శబ్దాలు పుట్టించే కీబోర్డు) కొనిచ్చింది. దాంతో ఇంట్లోనే టేపుల మీద ట్రాకులు చేసుకుంటూ ఉండేవాడు. తర్వాత కమ్యూనిటీ కాలేజీలో రిక్ డేవిస్ అనే ఆయన పరిచయమయ్యాడు, వయసులో పెద్ద, వియత్నాం యుద్ధంలో పనిచేసి వచ్చినవాడు. ఇద్దరూ కలిసి సైబోట్రాన్ పేరుతో 1981లో 'ఆలీస్ ఆఫ్ యువర్ మైండ్' అనే రికార్డు సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) మీద వేశారు. పెద్ద కంపెనీ లేదు, పబ్లిసిటీ లేదు, మోజో రేడియోలో వేశాడు, ఊర్లో అమ్ముడుపోయింది అంతే. 1983లో 'క్లియర్' వచ్చింది. ఆ తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి, డేవిస్‌కి రాక్ గిటార్ కావాలి, అట్కిన్స్‌కి మెషిన్లు కావాలి. అట్కిన్స్ మెట్రోప్లెక్స్ అని సొంత లేబుల్ పెట్టి 1985లో మోడల్ 500 పేరుతో 'నో యూఎఫ్ఓస్' వదిలాడు. నన్నడిగితే టెక్నో అని ధైర్యంగా పిలవగలిగిన మొదటి రికార్డు అదే. వాళ్ళ ఫ్రెండ్ ఎడ్డీ ఫౌల్క్స్ కూడా అదే లేబుల్ మీద 1986లో రికార్డు వేశాడు, కానీ ముగ్గురి పేర్లే అందరి నోట్లో నానడంతో పాపం ఆయన్ని చాలామంది మర్చిపోతారు, అది నాకు అస్సలు నచ్చదు.

ఇక పేరు సంగతి. 1988లో ఇంగ్లండ్ నుంచి నీల్ రష్టన్ అనే ఆయన వచ్చి వీళ్ళందరి ట్రాకులూ కలిపి ఒక ఆల్బమ్ వేయించాడు, వర్జిన్ కిందున్న టెన్ రికార్డ్స్ మీద. ముందు దానికి హౌస్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్ అని పెడదామనుకున్నారు, ఎందుకంటే అప్పటికే చికాగో క్లబ్బుల్లో పుట్టిన హౌస్ అనే డాన్స్ సంగీతం బ్రిటన్‌లో బాగా పోతోంది. అట్కిన్స్ ఇచ్చిన ట్రాక్ పేరు 'టెక్నో మ్యూజిక్', దాంతో ఆల్బమ్ పేరే మార్చి 'టెక్నో! ద న్యూ డాన్స్ సౌండ్ ఆఫ్ డెట్రాయిట్' అని పెట్టారు. ప్రపంచానికి ఆ పేరుతో ఈ సంగీతం తెలిసింది అక్కడినుంచే.

అనూష_ఫ్రాంక్‌ఫర్ట్:
సురేష్ గారు చెప్పినదానితో ఒప్పుకుంటూనే జర్మనీ వైపు నుంచి రెండు మాటలు చెప్తాను, ఎందుకంటే వంశీ గారి ఫ్రెండ్‌ది కూడా పూర్తిగా గాల్లో మాట కాదు.

ముందు ఆ యునెస్కో విషయం. 2024 మార్చిలో జరిగింది ఏంటంటే, జర్మనీ దేశం తనకోసం పెట్టుకున్న సాంస్కృతిక వారసత్వ జాబితా ఒకటుంది, అందులో బెర్లిన్ టెక్నో కల్చర్‌ని చేర్చారు. యోగా, ఉత్తరాఖండ్ పండుగ రమ్మాణ్ లాంటివి ఉన్న ప్రపంచ జాబితా వేరు, ఇది వేరు. అదీగాక చేర్చింది బెర్లిన్‌లో క్లబ్బుల చుట్టూ పెరిగిన కల్చర్‌ని, టెక్నో ఇక్కడే పుట్టింది అని ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

క్రాఫ్ట్‌వెర్క్ మాత్రం నిజంగానే పెద్ద విషయం. వాళ్ళది డ్యూసెల్‌డార్ఫ్, బెర్లిన్ కాదు. 1974లో 'ఆటోబాన్', 1977లో 'ట్రాన్స్ యూరప్ ఎక్స్‌ప్రెస్', 1981లో 'కంప్యూటర్ వరల్డ్'. వీటిల్లో ఆఖరిది డెట్రాయిట్ కుర్రాళ్ళకి పాఠ్యపుస్తకం లాంటిది. మ్యూనిక్‌లో జార్జియో మోరోడర్ 1977లో డోనా సమ్మర్‌తో చేసిన 'ఐ ఫీల్ లవ్' కూడా మర్చిపోకూడదు, గొంతు తప్ప దాదాపు మొత్తం సింథసైజరే అందులో. ఇక్కడ ఫ్రాంక్‌ఫర్ట్‌లో అయితే టల్లా 2ఎక్స్ఎల్‌సీ అనే డీజే 80ల మొదట్లోనే రికార్డు షాపులో ఎలక్ట్రానిక్ రికార్డులన్నిటికీ కలిపి టెక్నో అని అర పెట్టాడు, 1984లో టెక్నోక్లబ్ మొదలుపెట్టాడు. కానీ ఆ అరలో ఉన్నది సింథ్ పాప్, ఈబీఎం (ఎలక్ట్రానిక్ బాడీ మ్యూజిక్) లాంటి రికార్డులు, మనం ఇప్పుడు టెక్నో అంటున్న బీట్ అది కాదు.

నాకు చాలా ఇష్టమైన సంగతి ఒకటి చెప్పనా, క్రాఫ్ట్‌వెర్క్‌లో డ్రమ్స్ చూసుకున్న కార్ల్ బార్టోస్ మేమందరం అమెరికన్ సోల్‌కి, మోటౌన్‌కి, జేమ్స్ బ్రౌన్‌కి అభిమానులమే అని చెప్పాడు. అంటే డెట్రాయిట్‌లో పుట్టిన మోటౌన్ డ్యూసెల్‌డార్ఫ్ వెళ్ళింది, అక్కడ మెషిన్లలో పడి మళ్ళీ మోజో రేడియో ద్వారా డెట్రాయిట్ పిల్లల దగ్గరికే వచ్చింది. అందుకే ఇది జర్మన్లదా నల్లవాళ్ళదా అని కత్తితో కోసినట్టు విడగొట్టడం కుదరదు. తయారైంది మాత్రం డెట్రాయిట్‌లోనే, అందులో నాకూ అనుమానం లేదు.

రిథమ్_కిరణ్:
అందరూ మనుషుల గురించే చెప్తున్నారు, నేను మెషిన్ల గురించి చెప్తా. ఇంట్లో 909 అనే డ్రమ్ మెషిన్‌కి నకలు ఒకటి పెట్టుకుని రోజూ కూర్చుంటా కాబట్టి ఇది చేత్తో తెలిసిన సంగతి.

రోలాండ్ అని జపాన్ కంపెనీ 1980లో టీఆర్-808, 1983లో టీఆర్-909 అనే డ్రమ్ మెషిన్లు తెచ్చింది. బేస్ గిటార్ వాయించే మనిషి లేనివాళ్ళ కోసం టీబీ-303 అని చిన్న డబ్బా కూడా తెచ్చింది. మూడూ మార్కెట్లో సరిగ్గా పోలేదు, ఎందుకంటే అప్పటి మ్యూజిషియన్లకి నిజం డ్రమ్స్ లాగా వినిపించాలి, ఇవేమో అస్సలు అలా వినిపించవు. రెండు మూడేళ్ళకే ఆపేశారు, సెకండ్ హ్యాండ్ షాపుల్లో, తాకట్టు షాపుల్లో చవగ్గా దొరకడం మొదలైంది. స్టూడియో అద్దె కట్టే స్తోమత లేని కుర్రాళ్ళకి అవి చిక్కాయి, ఇల్లే స్టూడియో అయిపోయింది.

909 ముందు భాగంలో 16 బటన్లు వరుసగా ఉంటాయి. కిక్ (పెద్ద డ్రమ్ దెబ్బ) సెలెక్ట్ చేసుకుని 1, 5, 9, 13 నొక్కండి, దుమ్ దుమ్ దుమ్ దుమ్ అని సమానంగా నాలుగు దెబ్బలు వస్తాయి. క్లాప్ తీసుకుని 5, 13 మీద పెట్టండి. ఓపెన్ హై హ్యాట్ (తాళాల లాంటి సౌండ్) 3, 7, 11, 15 మీద పెడితే ప్రతి రెండు కిక్‌ల మధ్యలో ట్స్ అని పైకి లేపుతుంది, కాలు దానంతటదే ఆడేది ఆ ట్స్ వల్లే. స్టార్ట్ నొక్కితే మీరు ఆపేదాకా అది తిరుగుతూనే ఉంటుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది, నడుస్తుండగానే ఒక బటన్ తీసేయడం, ఒకటి వేయడం, కిక్‌ని ఒక నిమిషం పూర్తిగా తీసేసి మళ్ళీ వదలడం, నాబ్ ఒక వెంట్రుకవాసి తిప్పి సౌండ్ సాగదీయడం. బయటినుంచి వినేవాళ్ళకి ఒకటే కొడుతున్నట్టు ఉంటుంది గానీ లోపల ఏదో ఒకటి మారుతూనే ఉంటుంది. దానికి మాటలు అవసరం లేదు, ఆ మార్పే కథ.

ఇంకో మాట, ఇండియాలో చరణ్‌జీత్ సింగ్ అని ముంబై సినిమా పాటలకి వాయించే ఆయన 1982లోనే ఇవే 808, 303లతో 'టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్' అని ఆల్బమ్ చేశారు. లలిత్, మాల్కౌన్స్ లాంటి రాగాలు మెషిన్ బీట్ మీద. వింటే షాక్ అవుతారు. దాన్ని చూపించి టెక్నో మనదేశంలోనే పుట్టింది అని వాట్సాప్‌లో తిప్పుతుంటారు, అది మాత్రం నిజం కాదండి. అప్పట్లో ఆ రికార్డు పెద్దగా అమ్ముడుపోలేదు, 2010లో మళ్ళీ వేసేదాకా బయటివాళ్ళకి తెలీదు, చికాగోవాళ్ళు గానీ డెట్రాయిట్‌వాళ్ళు గానీ దాన్ని విని చేసింది కాదు. ఆయన గొప్పదనం ఆయనదే, అందుకోసం వేరేవాళ్ళ చరిత్ర లాక్కోనక్కర్లేదు.

వంశీ_నల్లగండ్ల:
సూపర్ అండి, ఇంత వస్తుందనుకోలేదు. అయితే ఆ ఫ్యాక్టరీ చప్పుడు కథ సంగతేంటి? డెట్రాయిట్ కుర్రాళ్ళు పేదరికంలోంచి, పాడుబడ్డ ఫ్యాక్టరీల్లోంచి వచ్చి చేశారు అని అందరూ రాస్తారు కదా.

లత_నోవై:
మేము డెట్రాయిట్ పక్కన నోవైలో ఉంటాం, చాలా ఏళ్ళయింది వచ్చి, మావారు ఆటో కంపెనీలో ఇంజినీరు. ఇక్కడ మన తెలుగువాళ్ళు వేలల్లో ఉన్నారు, నోవై, ట్రాయ్, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ అంతా మనవాళ్ళే, గుళ్ళు ఉన్నాయి, ఉగాది ఫంక్షన్లు ఉన్నాయి, కానీ పక్కనున్న ఊరు ప్రపంచానికి ఏ సంగీతం ఇచ్చిందో చాలామందికి తెలీదు, అది నాకు బాధగా ఉంటుంది. అందుకే రాస్తున్నా.

ఫ్యాక్టరీ చప్పుడు కథ సగమే నిజం. డెట్రాయిట్ జనాభా 1950లో సుమారు 18.5 లక్షలు, 1980కి 12 లక్షలు. మధ్యలో ఏం జరిగిందంటే ఫ్యాక్టరీలు ఊరి బయటికి, వేరే రాష్ట్రాలకి తరలిపోయాయి, తెల్లవాళ్ళు సబర్బ్స్‌కి వెళ్ళిపోయారు, 1967 జులైలో పోలీసుల దాడితో మొదలైన అల్లర్లలో 43 మంది చనిపోయారు, ఆ తర్వాత వలస ఇంకా పెరిగింది. మోటౌన్ కంపెనీ కూడా 1972లో లాస్ ఏంజెలిస్ వెళ్ళిపోయింది. ఊరి గర్వమే ఊరు వదిలి పోయింది అనుకోండి. మిగిలిన ఊర్లో 1980 నాటికి వందకి 63 మంది నల్లవాళ్ళు.

కానీ ఈ సంగీతం చేసిన పిల్లల్లో చాలామంది ఇళ్ళల్లో తిండికి లోటు లేదు. వాళ్ళ తాతలు దక్షిణాది రాష్ట్రాల పత్తి చేల నుంచి కార్ల ఫ్యాక్టరీల కోసం వచ్చారు, యూనియన్ జీతాలతో ఇల్లు, కారు కొనుక్కున్నారు, ఆ సంపాదన ఉంది కాబట్టే పిల్లాడికి సింథసైజర్ కొనిచ్చే స్తోమత వచ్చింది. 80ల మొదట్లో ఇక్కడి నల్లజాతి హైస్కూల్ పిల్లలు హాళ్ళు అద్దెకి తీసుకుని పార్టీలు చేసేవాళ్ళు, వాటికి యూరప్ బట్టల షాపుల పేర్లు, ఇటాలియన్ డిస్కో రికార్డులు, ఇస్త్రీ నలగని డ్రెస్సులు. షారివారి అనే పార్టీ పేరు మీదే 1981లో ఎ నంబర్ ఆఫ్ నేమ్స్ అనే కుర్రాళ్ళు 'షారెవారి' రికార్డు చేశారు. డబ్ల్యూజీపీఆర్ వాళ్ళ టీవీలో ద సీన్ అని డాన్స్ షో వచ్చేది, అందులో ఆ పాటకి పిల్లలు డాన్స్ చేస్తున్న వీడియో యూట్యూబ్‌లో ఉంది, తప్పకుండా చూడండి, ఆ నడకలు, ఆ నవ్వులు చూస్తే పాడుబడ్డ ఊరు బొమ్మ మొత్తం కళ్ళముందు నుంచి పోతుంది.

ఇంకో వేరు ఎవరూ చెప్పట్లేదు. నల్లజాతి గే క్లబ్బులు. కెన్ కోలియర్ అని డీజే, ఆయన దగ్గర డెట్రాయిట్ డీజేలు మిక్సింగ్ అంటే ఏంటో నేర్చుకున్నారు. చికాగోలో పవర్ ప్లాంట్ క్లబ్బులో ఫ్రాంకీ నకల్స్, మ్యూజిక్ బాక్స్‌లో రాన్ హార్డీ, వాళ్ళ దగ్గరికి డెరిక్ మే కారేసుకుని వెళ్ళేవాడు, నాలుగైదు గంటల డ్రైవ్. తన 909ని నకల్స్‌కి అమ్మింది కూడా మే నే. హౌస్ లేకుండా టెక్నో లేదు. 1988లో డెట్రాయిట్ డౌన్‌టౌన్ బ్రాడ్‌వే వీధిలో మ్యూజిక్ ఇన్‌స్టిట్యూట్ అని క్లబ్ తెరిచారు, అందులో మందు అమ్మేవాళ్ళు కాదు, జ్యూస్ మాత్రమే. జనం అక్కడికి వెళ్ళింది కేవలం డాన్స్ కోసం. ఏడాది చిల్లరే నడిచింది, ఇప్పటికీ ఇక్కడి పాతవాళ్ళు దాని గురించే మాట్లాడతారు.

మరి ఫ్యాక్టరీ ఎక్కడ కలుస్తుంది అంటే, అట్కిన్స్ ఒక ఇంటర్వ్యూలో చెప్పాడు, మోటౌన్ పెట్టిన బెర్రీ గోర్డీ ఫోర్డ్ అసెంబ్లీ లైన్ పద్ధతిలో పాటలు తయారు చేశాడు, ఇప్పుడు ఆ ఫ్యాక్టరీల్లో రోబోలు ఉన్నాయి, నాకు గోర్డీ పాటల కన్నా ఫోర్డ్ రోబోల మీదే ఎక్కువ ఆసక్తి అని. అది ఏడుపు కాదు. పాత ఊరు పోయింది, తర్వాత వచ్చేదాంట్లో మాకూ చోటు ఉండాలి అని ఒక పంతం. నల్లవాళ్ళంటే గతం గురించే, బాధ గురించే పాడాలి అని లోకం అనుకుంటున్నప్పుడు ఆ పిల్లలు స్పేస్‌షిప్‌ల గురించి, కంప్యూటర్ల గురించి చేశారు. వంశీ గారు అడిగిన మోటౌన్ ప్రశ్నకి నా సమాధానం ఇదే.

నరేందర్_హన్మకొండ:
లతక్క మస్తు చెప్పింది. బెర్లిన్ ముచ్చట నేను పూర్తి చేస్తా, ఎందుకంటే అసలు లొల్లి అక్కడనే ఉన్నది.

1989 నవంబర్ల బెర్లిన్ గోడ కూలింది. తూర్పు బెర్లిన్ల ఎవరివో తెల్వని బిల్డింగులు ఖాళీగ పడి ఉన్నయి, పడమటి బెర్లిన్ల క్లబ్బులకి మూసే టైం అనేదే లేకుండె. ఇటు పోరగాళ్ళు అటు పోరగాళ్ళు మొదటిసారి ఒక్క దగ్గర కలిసి ఆడినరు. 1991 మార్చిల ట్రెజోర్ తెరిచిన్రు, అది ఒకప్పటి వెర్ట్‌హైమ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కింద ఉన్న లాకర్ల గది. తుప్పు పట్టిన లాకర్లు, ఇనుప ఊచలు, చెమట కారే గోడలు. ఆ స్టోర్ యూదు కుటుంబానిది, నాజీలు గుంజుకున్నరు. ట్రెజోర్ లేబుల్ మీద వచ్చిన మొదటి రికార్డు ఎవరిదో తెలుసా? డెట్రాయిటోళ్ళదే, ఎక్స్-101 పేరుతోని అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్ళది. అంటే బెర్లిన్ తన గుడి కట్టుకున్నప్పుడు మొదటి దీపం డెట్రాయిట్ నుంచే తెచ్చుకున్నది.

ఈ అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్, రాబర్ట్ హుడ్ వాళ్ళు పెట్టిన గుంపు. మొఖాలకు మాస్కులు, పెద్ద కంపెనీలతోని పొత్తు లేదు, రికార్డులు వాళ్ళే వేసి వాళ్ళే అమ్ముకున్నరు. అందుకు కారణం ఉన్నది. ముందటి తరం పాటలు యూరప్ల హిట్ అయినయి, సాండర్సన్ వాళ్ళ ఇన్నర్ సిటీ 'బిగ్ ఫన్' బ్రిటన్ల టాప్ 10ల పోయింది, గానీ సొంత దేశంల పెద్ద రేడియోలు పట్టించుకోలే. 1999ల వీళ్ళ లేబుల్ మీద డీజే రొలాండో 'నైట్స్ ఆఫ్ ద జాగ్వార్' చేస్తే జర్మనీల సోనీ లైసెన్సు దొరకక అదే ట్యూన్‌ని అచ్చం అట్లనే కొట్టించి వదిలింది. ప్రపంచంల ఉన్న ఫ్యాన్స్ ఈమెయిళ్ళు కొట్టి కొట్టి లొల్లి చేసిన్రు, సోనీ వెనక్కి తగ్గింది.

అందరికంటే నా గుండెకు దగ్గరోళ్ళు డ్రెక్సియా అనే డెట్రాయిట్ జోడీ. జేమ్స్ స్టిన్సన్, జెరాల్డ్ డొనాల్డ్ ఇద్దరే. 1997ల 'ద క్వెస్ట్' అనే ఆల్బమ్ లోపటి కాగితం మీద ఒక కథ రాసిన్రు. బానిసల ఓడల మీద నుంచి గర్భంతోని ఉన్న ఆఫ్రికా ఆడోళ్ళను సముద్రంల పారేసిన్రు కదా, వాళ్ళ కడుపుల ఉన్న పిల్లలు నీళ్ళలోనే ఊపిరి తీసుకోవడం నేర్చి బతికి ఉంటే? ఆ సముద్రం కింది రాజ్యం పేరే డ్రెక్సియా. ఎక్కువ మాటలు లేకుండనే, బుడగల లెక్క లేచే సింథ్ సౌండ్లతోని ఆ కథ చెప్పిన్రు. టెక్నోకి సాంస్కృతిక మూలం లేదు, వట్టి మెషిన్ చప్పుడు అనేటోళ్ళకి నేను ఇదే వినిపిస్త. స్టిన్సన్ 2002ల చనిపోయిండు, చిన్న వయసులనే.

వంశీ_నల్లగండ్ల:
నరేందరన్నా ఆ డ్రెక్సియా కథ చదివాక కాసేపు ఏం మాట్లాడలేకపోయా. మా ఫ్రెండ్‌కి ఈ థ్రెడ్ లింక్ పంపిస్తున్నా, అనూష గారు చెప్పిన జాబితా సంగతి ముందుగా చదవమని చెప్తా. వినడం ఎక్కడినుంచి మొదలుపెట్టాలి? లతక్కా, అక్కడికి వస్తే చూడ్డానికి ఏమైనా ఉందా? వచ్చే ఏడాది మా అక్కావాళ్ళ దగ్గరికి రావాలనుకుంటున్నా, వాళ్ళు ట్రాయ్‌లోనే ఉంటారు.

సురేష్_సింథ్:
ముందు క్రాఫ్ట్‌వెర్క్ 'నంబర్స్' వినండి, వెంటనే సైబోట్రాన్ 'క్లియర్' వినండి, చుట్టరికం మీకే వినిపిస్తుంది. ఆ తర్వాత 'నో యూఎఫ్ఓస్'. అక్కడినుంచి డెరిక్ మే 1987లో రిథిమ్ ఈజ్ రిథిమ్ పేరుతో చేసిన 'స్ట్రింగ్స్ ఆఫ్ లైఫ్'. అందులో బేస్‌లైనే లేదు గమనించండి, మైకేల్ జేమ్స్ అనే ఫ్రెండ్ వాయించిన పియానో ముక్కని కత్తిరించి వేగం పెంచి దాని చుట్టూ కట్టాడు, డాన్స్ ఫ్లోర్ మీద బేస్ లేకుండా జనాన్ని నిలబెట్టడం మాటలు కాదు. ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు దయచేసి, మంచి హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, లేకపోతే కిక్ కింద జరిగేది సగం పోతుంది.

లత_నోవై:
వంశీ, వస్తే మే నెల ఆఖర్లో రా బాబూ, మెమోరియల్ డే వీకెండ్‌కి. డౌన్‌టౌన్‌లో నది ఒడ్డున హార్ట్ ప్లాజాలో మూవ్‌మెంట్ అనే టెక్నో ఫెస్టివల్ జరుగుతుంది, 2000లో కార్ల్ క్రెయిగ్ అనే ఇక్కడి టెక్నో ఆర్టిస్ట్ ఆర్టిస్టిక్ డైరెక్టర్‌గా మొదలైంది, మొదట్లో ఫ్రీగా ఉండేది, ఇప్పుడు టికెట్ పెట్టారు. పగలు వెళ్తే చిన్న పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకున్న నల్లజాతి కుటుంబాలు కనిపిస్తాయి, డెబ్బై ఏళ్ళ పెద్దవాళ్ళు కూడా ఆడుతుంటారు. ఈస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో సబ్‌మెర్జ్ అని అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ వాళ్ళ బిల్డింగ్ ఉంది, అందులోనే టెక్నో మ్యూజియం, పాత మెషిన్లు, రికార్డులు పెట్టారు. ముందే మెయిల్ పెట్టి టైం తీసుకోవాలి, ఊరికే వెళ్తే తలుపు తీయరు. అదే రోడ్డు మీద ఇంకా ముందుకెళ్తే మోటౌన్ మ్యూజియం వస్తుంది, రెండూ ఒకే రోజు చూసెయ్యొచ్చు. డేట్స్ ఖాయమయ్యాక ఇక్కడే మెసేజ్ పెట్టు, కారు మేమే తీసుకొస్తాం.